నీళ్ల తాళం

నాచారం,
మార్చి 11.

బంగారు తల్లి దీపకు,

నేను తాతనవుతున్నానట! నీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్క చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నిజమో కాదోనని మళ్లీ తీసి చదివాను. లేచి నిలబడబోయి మీ అమ్మ ముందున్న బియ్యం చేటను తొక్కాను. ఇల్లంతా బియ్యమే. తిడుతుందనుకున్నాను. ఆమె నవ్వుతూ కూర్చుంది. నెల కిందనే ఆమెకు తెలుసట. రెండేళ్ల నుంచి నీతో ఫోన్లో మాట్లాడుతోందట, అదీ నా పక్కనే కూర్చుని. నాకు చెవుడు కదా, ఏ భయమూ లేదు ఆమెకు. వేరే రోజయితే మస్తు కోపం వచ్చేది. ఇవాళ రావడం లేదు తల్లీ. రమ్మన్నా రావడం లేదు.

పోయిన నెల నువ్వు వచ్చి, పది నిమిషాలైనా కూర్చోకుండా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయావు. రెండేళ్ల తర్వాత వచ్చిన బిడ్డ మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదని నేను రెండు పూటలు అన్నం తినలేదు. వేవిళ్లని నాకేం తెలుసు? ఇల్లంతా మోరీ వాసన, మురికినీళ్ల కంపు, అది పడక కడుపులో తిప్పిందని ఇప్పుడు నువ్వు రాస్తే తెలిసింది.

ఆ వాసన మాకు తెలియదు బిడ్డా, ఒట్టు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ప్రెస్సు మిషను పక్కన నిలబడితే చెవులు పోయాయి, రబ్బరు పొగకు ముక్కు మొద్దుబారింది. మీ అమ్మకు కరోనాలో పోయిన వాసన ఇప్పటిదాకా తిరిగి రాలేదు. అందుకని ఎదురింటి ఛాయాదేవి టీచరమ్మను పిలిచి, మా ఇంట్లో వాసన ఉన్నదా అని అడిగాను. ఆమె గడప దాటకుండానే చెప్పింది. "ఏడాది సంది మీ ఇంటి ముందుకెళ్లి ఊపిరి బిగవట్టుకొనే నడుస్తున్న గండయ్యన్నా. ఎట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కానీ ఫికర్ చేయకు. తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి, జరుగుతుంది. ఏడో నెల రాగానే నిన్ను తీసుకొస్తాను. ఆ రోజుకు ఈ ఇంట్లో వాసన ఉంటే నేను గండయ్యనే కాదు. ఉప్పల్ నుంచి నాచారానికి నాలుగు కిలోమీటర్లు, నీ ఉత్తరం నాలుగు రోజులకు వచ్చింది. రోజుకొక కిలోమీటరు నడిచినట్టుంది పాపం. అయినా రాస్తూ ఉండు. ఫోన్లో నాకు వినబడదు. ఉత్తరమైతే పదిసార్లు చదువుకుంటాను.

వేయి దీవెనలతో,
మీ నాయిన గండయ్య.


ఉప్పల్,
మార్చి 19.

నాయినకు,

నువ్వు సంతోషపడ్డందుకు నాకూ సంతోషం. ఒక్క సంగతి ముందే చెప్తున్నాను. మా అత్తమ్మ గ్రేసీకి నేను అక్కడికి రావడం ఇష్టమే, కానీ వాసన సంగతి విన్నది. "నీ తల్లిగారిల్లు మంచిగుంటే పో బిడ్డా, నేనెందుకు ఆపుత. లేకుంటె పసిగుడ్డును మోరీ మీద పండవెట్టనియ్య" అన్నది. ఏడో నెలలో తనే వచ్చి చూస్తుందట. అది తప్పని నేను అనలేను.

మా ఆయన హెన్రీ ఒక మాట రాయమన్నాడు. అతను రోజూ ఏసీలు బాగుచేస్తాడు, పైపుల సంగతి తెలిసినవాడు. బాత్రూంలో నీళ్లు పోయే జాలీ కింద గిన్నెలాంటిది ఉంటుందట. అందులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. కింది గ్యాసును పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లేనట. ఎవరూ వాడని బాత్రూం ఉంటే ఈ ఎండలకు ఆ నీళ్లు ఎండిపోతాయి, వాసన నేరుగా ఇంట్లోకి వస్తుంది. అలాంటిది ఏదైనా ఉంటే ఒక బకెట్ నీళ్లు పోయమన్నాడు. అంతే.

మన ఇంట్లో వాడని బాత్రూం ఏదో నీకే తెలియాలి.

హెన్రీ బాగున్నాడు. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను.

దీప.


నాచారం,
ఏప్రిల్ 8.

నా చిట్టి తల్లి దీపకు,

ఇక్కడ యుద్ధం నడుస్తోంది బిడ్డా, వాసన మీద. నేను వదలను. ఏమేం చేశానో చదివి నవ్వకు.

మొదట మూడు డబ్బాల ఫినాయిల్ పోశాను. మూడు రోజులు ఇల్లు దవాఖానాలాగా ఉందట, నాలుగో రోజు మళ్లీ మోరీ. తర్వాత యాసిడ్. అది పోస్తుంటే పొగ లేచి నా బనియనుకు రెండు బొక్కలు పడ్డాయి. మీ అమ్మ సీసా గుంజుకుని బయట పారబోసింది. తర్వాత ప్రతి జాలీలో బట్టల్లో వేసే డాంబర్ గోళీలు నాలుగేసి. ఛాయాదేవమ్మ రోజూ పొద్దున పాలప్యాకెట్ తెచ్చుకుని వచ్చేటప్పుడు మా గడప ముందు ఆగి, ముక్కు ఎగబీల్చి, పదికి మార్కులు వేస్తోంది. గోళీల రోజున మూడు వేసింది. మోరీ వాసనకు ఒకటి తగ్గించి, గోళీల వాసనకు ఆరు తగ్గించిందట.

వంటింటి సింకు కింది పైపు విప్పి కడిగాను. అందులో మూడు స్టీలు చెంచాలు దొరికాయి. పోయిన ఏడాది వాటి కోసం మీ అమ్మ వెనకింటావిడతో మాటలు బంద్ చేసింది. ఇప్పుడు ఆ చెంచాలు ఎక్కడ దాచాలా అని చూస్తోంది. ఇంటి ముందున్న మ్యాన్‌హోల్ మూత పగిలి ఉంటే మిషను లారీని పిలిపించి లోపలంతా లాగించాను. మనిషిని మాత్రం దిగనివ్వలేదు. కొత్త సిమెంటు మూత వేయించాను. ఆ వారం అయిదు మార్కులు వచ్చాయి. తల్లీ, నేను చదువుకునే రోజుల్లో కూడా అన్ని రాలేదు.

మీ ఇంట్లో అతను చెప్పింది చదివాను. ఏసీలు వేరు, మోరీలు వేరు. చూద్దాం.

పుల్లటివి తినాలనిపిస్తోందా? మీ అమ్మ చింతకాయ తొక్కు పెట్టింది. నువ్వు వచ్చేదాకా జాడీ మూత తీయనివ్వడం లేదు.

ప్రేమతో, పట్టుదలతో,
మీ నాయిన.


ఉప్పల్,
ఏప్రిల్ 17.

నాయినకు,

చెంచాల సంగతి చదివి నేను, అత్తమ్మ నవ్వుకున్నాం. నీ బనియను గురించి మాత్రం నవ్వలేదు. యాసిడ్ ముట్టుకోకు.

నేను రాసిన దానికి నువ్వు జవాబు రాయలేదు. నా గది రెండేళ్లుగా తెరవలేదని అమ్మ చెప్పింది. అందులోని బాత్రూం కూడా అంతే కదా.

నాలుగో నెల. కొంచెం తింటున్నాను. అత్తమ్మ నా కోసం కొత్త మంచం తెప్పించింది. ఇక్కడే కాన్పు అయితే పనికొస్తుందని.

దీప.


నాచారం,
మే 6.

నా తల్లి దీపకు,

ఆ మంచం వాపసు ఇచ్చేయమను. లేకుంటే దాని మీద మీ అత్తమ్మనే పడుకోమను, హాయిగా ఉంటుంది. నువ్వు ఇక్కడికే వస్తావు.

ఏడు మార్కుల దాకా వచ్చాను. లెట్రిన్ పైపుకు డాబా మీదికి పొడుగు గొట్టం వేయించాను, గాలి పైనుంచే పోతుంది. ఆ రోజు ఏడు వేసింది ఛాయాదేవమ్మ. నేను ఆమెకు మామిడిపండ్లు పంపాను. కానీ మధ్యాహ్నం ఎండ ఎక్కాక మళ్లీ వచ్చి చూసి, తలకాయ అడ్డంగా ఊపింది. నాలుగు. ఎండ ముదిరినకొద్దీ వాసనా ముదురుతోందట. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకనే ఈ తిప్పలు. ఆమె మాత్రం నడవా చివరికి వెళ్లి అక్కడ ఆగుతుంది. ఏమీ అనదు. టీచర్లు అంతే, జవాబు తెలిసీ చెప్పరు.

నీ గది సంగతి అడిగావు. దాని తాళంచెవి ఎక్కడో పడిపోయింది. వెతుకుతున్నాను. దొరకగానే చూస్తాను.

ఎండలో బయటికి పోకు. సబ్జా నీళ్లు తాగు.

మీ నాయిన.


ఉప్పల్,
మే 14.

నాయినకు,

తాళంచెవి నీ మొలతాడుకు ఉందని, స్నానం చేసేటప్పుడు కూడా విప్పవని అమ్మ చెప్పింది.

దీప.


నాచారం,
మే 22.

దీపకు,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాకు ఉత్త సంతోషమే రాయడం వచ్చు. ఇట్లాంటివి రావు.

మీ అమ్మ చెప్పింది నిజం. నువ్వు రిజిస్టర్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, పెళ్లి చేసుకున్నానని మీ అమ్మకు చెప్పిన రోజే నీ గదికి తాళం వేశాను. ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద తాళం, మన బర్రెల కొట్టానికి ఉండేది. నీ దుప్పటి కూడా మడవనివ్వలేదు మీ అమ్మను. అక్కడితో ఆగలేదు. ఎవరూ నన్ను అడగకముందే చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, నాకు బిడ్డ లేదని నా నోటితో చెప్పి వచ్చాను. చాయ్ తాగి మరీ చెప్పాను. నీ ఇంటాయన చెప్పిన ఉపాయం మార్చిలోనే చదివాను. చదివిన నిమిషంలోనే అది సరైనదని నాకు తెలుసు. ఆ అబ్బాయి చెప్పింది కనుక చేయలేదు. చేయాలంటే తాళం తీయాలి కనుక చేయలేదు. రెండు నెలలు మోరీలన్నీ తవ్వాను, ఆ ఒక్కటి తప్ప.

నీ ఒక్క లైను ఉత్తరం వచ్చాక మరునాడు పొద్దున మౌలాలి నుంచి ప్లంబర్ వెంకటయ్యను పిలిచాను. నిజానికి బకెట్ నీళ్లు పోయడానికి ప్లంబర్ ఎందుకు? ఒక్కణ్ణే ఆ తలుపు తీయడానికి కాళ్లు రాలేదు. తాళంచెవి తిప్పితే తిరగలేదు. మంచినూనె చుక్క వేశాక తెరుచుకుంది. లోపల నీ దుప్పటి నువ్వు లేచినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది, దుమ్ము పట్టి. 

వెంకటయ్య బాత్రూంలో జాలీ తీసి నన్ను వంగి చూడమన్నాడు. కింద గిన్నె ఎండి, అడుగున బొద్దింకల రెక్కలున్నాయి. అతను ఒక బకెట్ నీళ్లు పోశాడు. గిన్నె నిండి, పై నీళ్లు పోయి, కొన్ని నిలబడ్డాయి. నాకు వినబడదని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"గీ నీళ్లే తాళం పెద్దయ్యా. నువ్వు తలుపుకు తాళమేస్తివి, గీ తాళం ఎండిపాయె."

అతను ఏ ఉద్దేశంతోనూ అనలేదు. అతనికి మన సంగతి తెలియదు. డబ్బా సర్దుకుని చాయ్ తాగి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ జాలీ దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను, మీ అమ్మ లేపేదాకా.

మరునాడు ఛాయాదేవమ్మ వచ్చి గదిగదీ తిరిగి, పది వేసింది. మధ్యాహ్నం ఎండలో మళ్లీ వచ్చింది. పదే. ఇప్పుడు రోజూ పొద్దున నేను ఒక చెంబు నీళ్లు పోస్తున్నాను. మీ అమ్మ పైన ఒక చెంచా నూనె వేస్తుంది. పైన నూనె తేలితే కింది నీళ్లు ఆవిరి కావని వెంకటయ్య చెప్పాడు. మోరీకి తలంటు పోసిన ఇల్లు నాచారంలో ఇదొక్కటేనని ఆమె నన్ను ఆటపట్టిస్తోంది. దుప్పటి ఉతికి ఆరేసింది.

ఇప్పుడైనా వస్తావా బిడ్డా?

మీ నాయిన.


ఉప్పల్,
జూన్ 3.

నాయినకు,

నీ ఉత్తరం రెండు రోజులు దిండు కింద పెట్టుకున్నాను.

నేనూ నీకు ఒకటి చెప్పలేదు. ఆ రోజు మీ ఇంటికి వచ్చినప్పుడు వాసనకు కడుపులో తిప్పిన మాట నిజమే. ముఖం కడుక్కుందామని అలవాటుగా నా గదికే వెళ్లాను. తలుపు మీద బర్రెల కొట్టం తాళం కనబడింది. వాసనకైతే వాంతి చేసుకుని మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. తాళం చూసి వెళ్లిపోయాను. నీకు వాసన అని రాశాను, ఎందుకంటే వాసన అయితే నువ్వు బాగుచేస్తావని తెలుసు. రెండోది చేస్తావో లేదో తెలియదు.

తెరిచావు. నాకు ఎంత నిమ్మళంగా ఉందో రాయలేను. దుప్పటి గురించి అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది.

కానీ ఒకటి అడుగుతాను, ఎదురుగా ఉంటే అడగలేను కనుక ఇక్కడే అడుగుతాను. ఆ రోజు నువ్వు నాకు కుర్చీ వేశావు. హెన్రీ గేటు బయట బండి మీదే కూర్చున్నాడు. ఎండలో. నువ్వు చూశావు, నేను నిన్ను చూశాను. అతను నిన్ను తప్పు పట్టలేదు. నీ మోరీ ఎట్లా బాగుపడుతుందో ఆ రాత్రే నాకు చెప్పాడు.

నా గది తెరిచావు, నేను వస్తాను సరే. నన్ను దింపడానికి వచ్చే మనిషి ఎక్కడ కూర్చుంటాడు నాయినా?

ఈ నెలాఖరు ఆదివారం చర్చి అయ్యాక అత్తమ్మ మీ ఇల్లు చూడడానికి వస్తుంది. బండి మీద తీసుకొచ్చేది అతనే.

దీప.


నాచారం,
జూన్ 30, ఆదివారం సాయంత్రం.

నా బంగారు తల్లి, నా దీప, నా ఇంటి వెలుగుకు,

ఒప్పుకుంది తల్లీ, మీ అత్తమ్మ ఒప్పుకుంది! గురువారం నువ్వు వస్తున్నావు. ఈపాటికి వాళ్లు నీకు చెప్పే ఉంటారు, అయినా నేను చెప్పాలి, నా తీరులో వినాలి నువ్వు.

పదకొండు దాటాక వచ్చారు. ఆమె తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలు సంచీతో గేటు దాటి వచ్చి, "వందనాలన్నా" అంది. ముక్కు ముందు, మనిషి వెనక అన్నట్టు లోపలికి నడిచింది. వంటిల్లు చూసింది. మా బాత్రూం చూసింది. నీ గదిలోకి వెళ్లి, కొంగు నడుముకు చెక్కి, వంగి జాలీ తానే లేపింది. నేను పక్కన పరీక్ష రాసిన పిల్లగాడిలా నిలబడ్డాను. ఎదురింటి నుంచి ఛాయాదేవమ్మ కూడా చూస్తోంది, తన మార్కులు నిలబడతాయో లేదోనని. మీ అత్తమ్మ లేచి నడుము పట్టుకుని, నాకు వినబడేట్టు గట్టిగా చెప్పింది.

"మోరీ మంచిగైందన్నా. పిల్ల ఈన్నే కంటది, నేను అడ్డం రాను. ఇగ పోయొస్త, నా కొడుకు ఎండల ఉన్నడు."

అంతే. తప్పు పట్టినట్టు కూడా అనలేదు. బైబిలు సంచీ తీసుకుని నడిచింది. నేను వెనకాలే గేటు దాకా వచ్చాను. అతను బండి మీద కూర్చుని ఉన్నాడు, హెల్మెటు ఒళ్లో పెట్టుకుని, చొక్కా వీపుకు అంటుకుపోయి. నీడ కోసం కూడా మా గోడ వైపు జరగలేదు. మా గోడ అని జరగలేదేమో. తల్లిని చూసి బండికి కిక్కు కొట్టాడు. నాకు చప్పుడు వినబడదు కదా, పొగ కనబడింది. నా కాళ్లు గేటు లోపలే ఆగిపోయాయి. నీ ప్రశ్న జేబులోనే ఉంది, ఆ ఉత్తరం మడత కూడా విప్పలేదు ఇరవై రోజులుగా, బట్టీ వచ్చేసింది కనుక.

అప్పుడు పిలిచాను.

"హెన్రీ, బండి బంజెయ్. లోపటికి రా అల్లుడా."

నాకు నెమ్మదిగా పిలిచినట్టే అనిపించింది. చెవిటివాడి నెమ్మది ఎట్లుంటుందో నీకు తెలుసు. వీధి చివర ఇస్త్రీ చేసేవాడు కూడా తల ఎత్తి చూశాడట. ఛాయాదేవమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది, కళ్లు తుడుచుకోవడానికని మీ అమ్మ అంటోంది.

అతను కాసేపు హ్యాండిల్ పట్టుకునే ఉన్నాడు. నేను ఇంకోసారి పిలవాల్సి వస్తుందనుకున్నాను. పిలిచేవాణ్ణే, ఎన్నిసార్లైనా. తర్వాత బండి ఆపి, చెప్పులు బయట విడిచి వచ్చాడు. వచ్చి ఏం చేశాడో తెలుసా? కూర్చోలేదు. నేరుగా నీ గది బాత్రూంలోకి వెళ్లి, జాలీ చూసి, చెంబుతో నీళ్లు పోసి, నిలబడ్డాయా లేదా అని చూసుకుని అప్పుడు వచ్చాడు. నీ కిటికీ పక్కన నా కుర్చీ వేశాను, ఫ్యాక్టరీ నుంచి రిటైరైన రోజు ఇచ్చినది. అందులో కూర్చోబెట్టాను. మీ అమ్మ చాయ్ ఇచ్చింది. అతను ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. ఏమన్నావని అడిగాను. మళ్లీ అన్నాడు, వినబడలేదు. మూడోసారి అందరూ నవ్వుతుండగా నా చెవిలో చెప్పాడు. "ఏం లేదు మామా. చాయ్ల చక్కెర జర ఎక్కువైంది."

అంత మంచి మాట నేను ఈమధ్య వినలేదు బిడ్డా.

ఆ పెద్ద తాళం పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాను. గొళ్లెం కూడా పీకించాను. గాలికి తలుపు కొట్టుకోకుండా ఇటుక పెట్టుకుందాం. తాళంచెవి మాత్రం మొలతాడు ముడి రాక ఇంకా ఉంటే, మీ అమ్మ కత్తెరతో కోసేసింది.

ఇక ఇవాళ్టి నుంచి నాకు కాళ్లకు పని. నా నోటితో ఎక్కడెక్కడ ఆ పాడు మాట అన్నానో అక్కడికే వెళ్లి, నా బిడ్డ పురిటికి ఇంటికొస్తోందని చెప్పాలి. నువ్వు ఎవరికీ ఫోన్ చేయకు, నేనే వెళ్తాను. మరిచిపోకుండా రాసుకుంటున్నాను, ఎవరైనా మిగిలితే నువ్వు గుర్తు చేయి:

నాగారంలో మీ పెద్దమేనత్త యాదమ్మ. మొదట ఆమెకే అన్నాను, మొదట ఆమెకే చెప్పాలి.

మౌలాలిలో భూపాల్ బావ. మంచి పని చేశావని ఆ రోజు నా వీపు తట్టాడు. ఇవాళ ఏం తడతాడో చూస్తాను.

హబ్సిగూడలో మీ చిన్నమామ సాయి కుమార్, అతని భార్య రాజశ్రీ. ఆమె అప్పుడే నా ముందు చాయ్ గ్లాసు తీసేసింది, ఇట్లాంటి మాట చెప్పేవాళ్లకు మా ఇంట్లో చాయ్ లేదని. ఈసారి అడిగి తాగుతాను.

వాళ్ల బిడ్డ హరిణి. నీతో ఆడుకున్న పిల్ల, నీ ఫోటో ఫోన్లోంచి తీసేయమని దానికి చెప్పాను. మళ్లీ పెట్టుకోమని చెప్పాలి.

ప్లంబర్ వెంకటయ్య. చుట్టం కాడు, అయినా ఆ తాళం తీసింది ఎవరి కోసమో చెప్పాలి.

మీ అమ్మ. ఆమెకు అన్నీ ముందే తెలుసు, అయినా ఒక్కసారి నా నోటితో.

అల్లుడు హెన్రీకి, నువ్వే చెప్పు తల్లీ: గురువారం నిన్ను దింపి ఆగమేఘాల మీద పోవద్దని, కుర్చీ కిటికీ పక్కనే ఉంటుందని, చక్కెర ఒక్క చెంచానే వేయిస్తానని.